ఆ ఒక్క రోజు ఎవరిది?

ఐదుగురు కలిసి ఐదు రోజుల సెలవుకి వెళితే, అందులో ఒక రోజుని ఒకరు 'ఇది నాది' అనవచ్చా? ప్రశ్న చాలా చిన్నది. సిగ్గుపడాల్సినంత చిన్నది. పేరు వినగానే అద్దెకి ఇల్లు లేదనిపించుకునే వాళ్ళ గురించి రాయాల్సిన చోట మేం ఒక విహారయాత్ర గురించి రాస్తున్నాం. కానీ ఆ పెద్ద ప్రశ్నలకి మా దగ్గర జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. సభల్లో చెప్పాం, వ్యాసాల్లో రాశాం. ఈ చిన్న ప్రశ్న దగ్గరే తడబడ్డాం. ఎందుకు తడబడ్డామో చెప్పుకోవడానికే ఇదంతా.

మేం గుంటూరు వాళ్ళం. 2001లో అమెరికా వచ్చి మిచిగన్‌లో స్థిరపడ్డాం. ఒక డిసెంబరులో పిల్లల సెలవులకని ఫ్లోరిడాలోని ఆర్లాండో బయల్దేరాం. మేమిద్దరం, కాలేజీలో చదివే పందొమ్మిదేళ్ళ అమ్మాయి, పదేళ్ళ అబ్బాయి, ఆరు నెలలుందామని గుంటూరు నుంచి వచ్చిన పిల్లల దాదీ. 1971లో తెరిచిన డిస్నీ వరల్డ్ దాదాపు వంద చదరపు కిలోమీటర్ల మేర ఉంటుంది. నాలుగు పెద్ద పార్కులు. ఏ రోజు ఏ పార్కు, ఏ క్యూలో ఎప్పుడు నిలబడాలి, జొహర్ ఎక్కడ చదువుకోవాలి, డబ్బాలో ఏం కట్టుకెళ్ళాలి, అన్నీ నెల ముందే కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితంలో 'మనం' అన్న మాట చాలాసార్లు ఉంది. ఆ మాట ఎవరం రాశామో, ఎవరినడిగి రాశామో అప్పుడు ఆలోచించలేదు.

మొదటి రాత్రి అద్దె ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచి అన్నాలు తింటుండగా అమ్మాయి నోరు విప్పింది. "మూడోరోజు నేను పార్కుకి రాను. స్కూబా డైవింగ్‌కి వెళతాను." ఆమె ఆ విద్య కాలేజీ కొలనులో నేర్చుకుంది. తర్వాత ఒక పాత రాతి గనిలో నీళ్ళు నిండి చెరువైన చోట పరీక్ష ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుంది. ఈ సంగతి మాకు తెలుసు. కాకపోతే అది ఆమె చదువులో భాగమని, జీవితంలో భాగం కాదని అనుకున్నాం.

మేం వెంటనే అన్నమాట ఇది. "అందరం కలిసి వచ్చిన చోట ఒక్కరి కోసం వేరే ఏర్పాటు ఎలా కుదురుతుంది? ఇవాళ నువ్వు అడిగావు, రేపు వాడు ఇంకోటి అడుగుతాడు." ఆమె వినలేదు. సరే, ఓట్లేద్దాం అన్నాం, సగం నవ్వులాటగానే. చేతులెత్తాం. నలుగురం ఒక పక్క, ఆమె ఒక్కతే ఒక పక్క. న్యాయంగా తేలిపోయిందని సంతోషించాం.

అప్పుడామె అంది. "ఓట్లే లెక్కపెడితే మనం ఎప్పుడూ ఓడిపోతామని మీరే కదా చెబుతారు. మరి ఈ ఇంట్లో నేను ఓడిపోతే మాత్రం అది న్యాయమా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మాకు 1998 నాటి ఒక శుక్రవారం గుర్తొచ్చింది. మాలో ఒకరం అప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేసేవాళ్ళం. వారానికోసారి జుమా నమాజ్‌కి గంటన్నర ఇజాజత్ అడిగాం. బదులుగా సాయంత్రం రెండు గంటలు ఎక్కువ కూర్చుంటామన్నాం. ఆ అధికారి చెడ్డవాడేం కాదు. పండక్కి మా ఇంటికొచ్చి సేమియా తాగి వెళ్ళినవాడే. చాలా మర్యాదగా అన్నాడు. "అందరం కలిసి పనిచేసే చోట మీ ఒక్కరి కోసం వేరే పద్ధతి పెట్టలేం కదా! ఇవాళ మీకిస్తే రేపు అందరూ అడుగుతారు." ఆ మాటలు మేం ఇన్నేళ్ళూ మర్చిపోలేదు. ఎందరికో చెప్పుకున్నాం. మెజారిటీ ద్వేషంతోనే మాట్లాడాలని లేదని, ఎంతో సౌమ్యంగా కూడా తలుపు వేస్తుందని దాన్నే ఉదాహరణగా చూపించాం. ఇప్పుడు ఆ మాటే, ఆ సౌమ్యతతోనే, మా నోట్లోంచి వచ్చింది. మేం ఆ అధికారిని గుర్తుపెట్టుకున్నాం అనుకున్నాం. నిజానికి ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నాం.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. నమాజ్‌కి గంటన్నర అడగడం, సముద్రంలోనో గుంటలోనో ఈతకి రోజు అడగడం ఒకటేనా? ఒకటి విశ్వాసం, ఒకటి వినోదం. ఒకటి లేకపోతే మనిషి లోపల ఏదో విరిగిపోతుంది, రెండోది లేకపోతే ఒక సెలవు కొంచెం చప్పగా పోతుంది. పైగా అది డబ్బున్న వాళ్ళ సరదా. ఈ అభ్యంతరం సరైనదే. ప్రతి కోరికకీ హక్కు అనే పేరు పెడితే నిజంగా హక్కు పోగొట్టుకున్న వాళ్ళ మాటకి విలువ పోతుంది. మా అమ్మాయి ఓడిపోతే ఆమెకి ఇల్లు పోదు, ఉద్యోగం పోదు. ఈ తేడాని మేం చెరిపేయదల్చుకోలేదు.

కానీ మేం పోలుస్తున్నది ఆ రెండు కోరికలని కాదు. వాటికొచ్చిన జవాబులని. 'నువ్వు అడుగుతున్నది ఎంత అవసరం' అని ఆ అధికారి అడగలేదు. మేమూ అడగలేదు. ఇద్దరం అడిగింది ఒకటే: 'నువ్వెందుకు వేరే?' అవసరమెంతో తూచి కాదనడం వేరు, వేరుగా ఉండటమే తప్పన్నట్టు కాదనడం వేరు. మొదటిది తీర్పు. రెండోది అలవాటు. పెద్ద చోట్ల కనిపించే ఈ అలవాటు చిన్న చోట్లే పుడుతుందని, దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చునే పిల్లలు దాన్ని పెద్దల దగ్గరే నేర్చుకుంటారని అనుకుంటే మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున ఆమె రాసుకున్న కాగితం చూశాం. మా కాగితం లాంటిదే, కాకపోతే ఒక్కరిది. అది చదివాక ఇంకా సిగ్గేసింది.

ఆమె అసలు కోరిక ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న కీ లార్గో. అక్కడ పగడపు దిబ్బలున్నాయి. అమెరికాలో సముద్రం అడుగున ఏర్పాటు చేసిన మొట్టమొదటి పార్కు అక్కడే ఉంది. కానీ ఆర్లాండో నుంచి ఒకవైపే ఇంచుమించు 450 కిలోమీటర్లు. ఒక రాత్రి అక్కడే ఉండాలి. అంటే రెండు రోజులు. దాన్ని తనే కొట్టేసింది. తర్వాత వెస్ట్ పామ్ బీచ్. అక్కడికి రెండున్నర గంటల పైనే ప్రయాణం. పడవ టైము మన చేతిలో ఉండదు, రాత్రి భోజనానికి తిరిగి రాలేకపోవచ్చు. దాన్నీ కొట్టేసింది. చివరికి మిగిలింది విలిస్టన్ అనే చిన్న ఊరు. రెండు గంటల లోపు దారి. సముద్రం లేదు, పగడాలు లేవు. సున్నపురాతి నేల కుంగి ఏర్పడిన ఒక గుంట, దాని అడుగున ఊట నీళ్ళు.

రోజు కూడా ఊరికే ఎంచలేదు. నీళ్ళలో లోతుకి వెళ్ళినప్పుడు ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి కరుగుతుంది. ఆ తర్వాత వెంటనే విమానమెక్కితే, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అది బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే కనీసం 18 గంటలు ఆగి విమానమెక్కమంటుంది. మా తిరుగు ప్రయాణం ఆరోరోజు. మూడోరోజైతే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదని లెక్క వేసుకుంది. ఖర్చు తన పార్ట్‌టైం పని డబ్బుల్లోంచి. ఒంటరిగా దిగకూడదన్నది డైవింగ్‌లో ప్రాథమిక సూత్రం కాబట్టి, తనతో పాటు నేర్చుకుని ఇప్పుడు దగ్గర్లోనే గెయిన్స్‌విల్‌లో చదువుతున్న స్నేహితురాలితో ముందే మాట్లాడిపెట్టుకుంది.

అంటే ఆమె మా ముందు నోరు తెరిచేనాటికే తన కోరికలో మూడు వంతులు వదిలేసుకుంది. మాకు కనిపించింది మిగిలిన ఒక వంతే. దాన్నే మేం జిద్ అన్నాం, మంకుపట్టు అన్నాం. ఇది మాకు తెలియని విషయమా? తక్కువగా ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఇంతే. అడగడానికి ముందే ఏది అడగకూడదో లెక్క వేసుకుంటారు. జుమాకి గంటన్నర అడిగిన మేం, జొహర్, అసర్ సంగతి ఎత్తనే లేదు. ఈద్‌కి ఒక్కరోజు చాలన్నాం, రెండోరోజు అడగలేదు. వదులుకున్నవి ఎవరి లెక్కలోకీ రావు. అడిగిన ఆ ఒక్కటే లెక్కలోకి వస్తుంది. 'వీళ్ళెప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు' అనే మాట అక్కడి నుంచే పుడుతుంది.

అయినా మేం వెంటనే ఒప్పుకోలేదు. భయం అన్నాం. అది అబద్ధం కాదు. పిల్ల నీళ్ళ కింద పదిహేను మీటర్ల లోతులో ఉంటే ఏ తల్లిదండ్రులకి భయం ఉండదు? కానీ నిజమైన భయం వెనకాల ఇంకోటి కూడా దాక్కుని ఉంది. అడిగింది పందొమ్మిదేళ్ళ అబ్బాయైతే ఇంతసేపు వాదించేవాళ్ళమా? జాగ్రత్తని చెప్పి పంపేసేవాళ్ళం కాదా? 'నలుగురూ ఏమంటారు' అన్న ఆ నలుగురిలో మేమిద్దరమే ముందున్నామని ఒప్పుకోవాల్సి వచ్చింది.

తర్వాత రాజీమార్గం వెతికాం. ఎప్‌కాట్ పార్కులో 1986లో కట్టిన బ్రహ్మాండమైన ఉప్పునీళ్ళ తొట్టి ఉంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు అందులో దిగే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. ఇంటివాళ్ళు అద్దం ఇవతల నిలబడి చూసేవాళ్ళట. "అలాంటిదైతే బాగుండేది, నీ సరదా తీరేది, అందరం ఒకచోటే ఉండేవాళ్ళం" అన్నాం. ఆమె నవ్వింది. "అంటే నేను వేరుగా ఉండొచ్చు, కానీ మీకు అద్దంలోంచి కనబడుతూ ఉండాలి. అంతేగా?" అంది. మేం ఏమీ అనలేకపోయాం. మా ఖవ్వాలీ కావాలి, మా బిర్యానీ కావాలి, కానీ మేం మా ఇష్టం వచ్చిన చోట ఉండకూడదనే వాళ్ళని చూసి మేం ఎన్నిసార్లు మండిపడలేదు?

చిక్కుముడి విప్పింది దాదీ. రెండోరోజు రాత్రి అమ్మాయి ఆ చోటు పేరు చెప్పింది. డెవిల్స్ డెన్. అర్థం అడిగి తెలుసుకుని దాదీ తౌబా తౌబా అని చెంపలేసుకుంది. "డబ్బులిచ్చి సైతాన్ ఇంటికి ఎవరైనా వెళతారా బేటీ?" చలికాలం పొద్దున్నే ఆ గుంట నోట్లోంచి ఆవిరి లేస్తుందనీ, మొదట్లో వచ్చి స్థిరపడ్డ వాళ్ళు అది చూసి కింద సైతాన్ పొయ్యి మండుతోందనుకున్నారనీ, నిజానికి అక్కడ ఏడాది పొడుగునా ఒకే వెచ్చదనంతో, దాదాపు 22 డిగ్రీలతో, నీళ్ళుంటాయనీ మనవరాలు వివరించింది. దాదీ కాసేపు ఆలోచించి, "అయితే నేనూ వస్తా. చూస్తా" అంది. నిన్న మా వైపు ఓటేశారు కదా అన్నాం. "నేనెక్కడ ఎత్తాను? నా చెయ్యి మీరే లెక్కేసుకున్నారు" అంది.

నిజమే. ఆవిడ చెయ్యి ఎత్తలేదు. ఊరుకుంది. ఊరుకున్న వాళ్ళందరినీ మా వైపు వేసుకుని నాలుగు అనుకున్నాం.

మూడోరోజు మేం రెండుగా విడిపోయాం. మాలో ఒకరం చిన్నోడితో పార్కుకి వెళ్ళాం. ఒకరం దాదీని, అమ్మాయిని తీసుకుని ఫజర్ చదివి చీకటుండగానే విలిస్టన్ బయల్దేరాం.

ఆ పొద్దున బాగా చలి. చుట్టూ ఓక్ చెట్లు, మధ్యలో నేలకి నోరు తెరిచినట్టు గుంట. దాంట్లోంచి తెల్లటి ఆవిరి. దాదీ కంచె దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. పైనుంచి చూస్తే నిజంగానే పొగలా ఉంది. దిగి చూసినవాళ్ళకే అవి నీళ్ళని తెలుస్తుంది. వేల ఏళ్ళ కిందట అంతరించిన జంతువుల ఎముకలు కూడా ఆ నీళ్ళలో దొరికాయి. ఇన్ని తెలిసినా ఆ పేరు మాత్రం పోలేదు. మా బస్తీల పేర్లు, వాటి గురించి అందరూ చెప్పుకునే మాటలు గుర్తొచ్చాయి. ఎన్నడూ లోపలికి రాని వాళ్ళు పైనుంచి ఆవిరి చూసి పెట్టిన పేర్లు మాకూ ఉన్నాయి.

అమ్మాయి, ఆమె స్నేహితురాలు తయారయ్యారు. తల మీది టోపీతో సహా ఒళ్ళంతా కప్పే నల్లటి రబ్బరు దుస్తులు. ముఖాలు మాత్రం కనబడుతున్నాయి. అక్కడ ఆడా మగా అందరూ అలాగే ఉన్నారు. "జుట్టు కనబడటం లేదు, అదొకటి బాగుంది. కానీ మరీ ఇంత బిగుతా?" అని దాదీ. నవ్వుకున్నాం గానీ, 2016 వేసవి గుర్తొచ్చింది. ఫ్రాన్సులో కేన్స్ లాంటి తీరపు పట్టణాలు బుర్కినీని నిషేధించిన వేసవి. ఒక పట్టణం పెట్టిన నిషేధాన్ని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆగస్టు 26న నిలిపేసింది గానీ, ఆ లోపల ఎందరు ఆడవాళ్ళు ఇసక మీద అవమానపడ్డారు! చలి కోసం ఒళ్ళు కప్పుకుంటే ఎవరూ ఏమీ అడగరు. విశ్వాసం కోసం కప్పుకుంటే పోలీసులొస్తారు. గుడ్డ కాదు, కారణం నేరమన్నమాట. ఆ గుంట దగ్గర ఎవరూ ఎవరినీ కారణం అడగలేదు.

దిగేముందు ఇద్దరూ ఒకరి సామాను ఒకరు పరీక్షించుకున్నారు. సిలిండర్ తెరిచి ఉందా, బెల్టులు బిగిశాయా, గాలి ఎంతుంది. అమ్మాయి ఛాతీ దగ్గర పసుపుపచ్చ గొట్టానికి ఇంకో నోటి మర వేలాడుతోంది. నీకొకటి ఉంది కదా, ఇదెందుకని అడిగాం. "ఇది నాది కాదు. దీని గాలి అయిపోతే దీనికివ్వడానికి" అని స్నేహితురాలిని చూపించింది. తొందరలోనూ కనబడాలని పసుపు రంగట. స్నేహితురాలి దగ్గరా అలాంటిదే ఉంది. ఒంటరిగా పోతానంటోందని మేం గోల పెట్టిన పిల్ల, ఇంకొకరి ఊపిరి కోసం ఒక గొట్టం ఛాతీకి కట్టుకుని మెట్లు దిగింది. పార్కుల కాగితం రాసేటప్పుడు మేం ఎవరికోసం ఏం అదనంగా కట్టుకున్నాం?

ఆ సమయంలో పార్కులో ఉన్న ఒకరం, చిన్నోడితో 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' పడవలో కూర్చున్నాం. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారైన ఆట అది. అన్ని దేశాల బొమ్మ పిల్లలూ ఒకే పాట పాడతారు. బట్టలు వేరు వేరు, ముఖాలు మాత్రం ఇంచుమించు ఒకటే. పాపం, మంచి ఉద్దేశంతో చేసిందే. కానీ కలిసి ఉండటమంటే ఒకే ముఖంతో ఒకే పాట పాడటమేనా? అలా అనుకుంటుండగా చిన్నోడు అడిగాడు. "ఆపా ఉంటే ముందు సీట్లో నాతో కూర్చునేది. ఎందుకు రాలేదు?" వాడికి మా తర్కాలేవీ పట్టవు. వాడికి ఆ రోజు అక్క లేదు. అంతే.

ఇది దాచకూడదు. ఒకరి ఇష్టాన్ని గౌరవిస్తే ఎవరూ ఏమీ పోగొట్టుకోరని చెప్పడం మోసం. పోగొట్టుకుంటారు. ఆ రోజు వాడు పోగొట్టుకున్నాడు. జుమాకి మేం వెళ్ళి ఉంటే పక్క బల్ల మీద మనిషి ఆ గంటన్నర మా ఫోను కూడా ఎత్తాల్సి వచ్చేది. అందుకే అడిగేవాళ్ళకీ బాధ్యత ఉంది. మా అమ్మాయి దాన్ని ముందే మోసింది. దూరం తగ్గించుకుంది, రోజు చూసుకుంది, రాత్రి భోజనానికి వచ్చేసింది. పడుకునే ముందు తమ్ముడి పక్కన కూర్చుని గుంటలో చూసిన చేపలన్నీ గీసి చూపించింది. మిగిలిన బాధ్యత మాది. ఆ నష్టాన్ని ఆమె తప్పుగా కాకుండా, కలిసి ఉండటానికి అయ్యే ఖర్చుగా చూడటం. మేం ఇన్నేళ్ళూ ఈ దేశాన్నీ, ఆ దేశాన్నీ అడుగుతున్నది ఈ ఖర్చే కదా?

ఆ రాత్రి దాదీని అడిగాం, మీకేం కావాలని. మూడు రోజుల్లో మొదటిసారి అడిగాం. "మీరంతా తిరిగి రండి. నేను రేపు ఒక పూట ఈ ఇంట్లోనే కూర్చుంటాను. కాళ్ళు లాగేస్తున్నాయి" అంది. అంతకు ముందు రెండు రోజులు ఆవిడ మా వెనకాలే నడిచింది, ఒక్కమాట అనకుండా.

మూడోరోజు ఫొటోలు రెండు ఫోన్లలో ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ మేం ఐదుగురం లేం. చుట్టాలకి పంపేటప్పుడు ఆ రోజువి తీసేద్దామా అనుకున్నాం. తీయలేదు.